సాగ్వాన్ దర్వాజ పెట్టిస్తున్నారా? కర్ర కొనడం నుంచి పాలిష్ దాకా

"అన్నా, ఇది అసలు సాగ్వానేనా?"

వాట్సాప్‌లో ఒక కర్ర ఫొటో, దాని కింద ఈ ఒక్క ముక్క. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మా సిరొంచ, అహేరి, ఆలాపల్లి వైపు తెలిసినవాళ్లు ఎవరు ఇల్లు మొదలుపెట్టినా నాకు ఇది తప్పదు. ఫొటో చూసి కర్ర చెప్పే విద్య నాకు రాదు. అందుకే అందరికీ కలిపి ఒక్కసారి రాసేస్తున్నాను. మనం ఇంట్లో టేకు అంటాం, కలప డిపోకు వెళ్తే సాగ్వాన్ అంటాం. రెండూ ఒకటే.

ముందు నా కథ చెప్పాలి. మా ఇంటికి కొన్న కర్ర అసలైన టేకే, అందులో అనుమానం లేదు. మార్చిలో దర్వాజ (గుమ్మం ఫ్రేము) ఎత్తే ముహూర్తం, ఫిబ్రవరిలో మిల్లులో కోయించిన పచ్చి కర్ర. పసుపు, కుంకుమ, మామిడాకులు, అన్నీ ఘనంగా జరిగాయి. మే నెలాఖరుకు పై మూల జాయింటులో ఏటీఎం కార్డు దూరేంత సందు వచ్చింది. తలుపు పలకల మధ్య నుంచి వసారాలో లైటు కనిపించేది. అసలుదా నకిలీదా అన్న టెన్షన్‌లో పడి, ఆరిందా లేదా అని అడగడం మరిచిపోయాను. మీరు ఈ రెండో ప్రశ్నే ముందు అడగాలి. మిగతా చాలా తప్పులను సరిదిద్దుకోవచ్చు, పచ్చి కర్రతో చేసిన దర్వాజను మాత్రం పీకి మళ్లీ చేయించాల్సిందే.

దగ్గర పెట్టుకోవలసినవి

- టేపు, కాలిక్యులేటర్, మార్కర్
- పదునైన చిన్న చాకు లేదా బ్లేడు, భూతద్దం (పిల్లల జామెట్రీ బాక్సులోది చాలు)
- పది గ్రాముల తేడా చూపే తూకం. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా అయినా సరే
- మూలమట్టం, నూలు దారం
- అంగుళం మందం ఉన్న ఎండు కర్ర బద్దలు ఓ నలభై
- మిగిలిపోయిన పాత ఆయిల్ పెయింట్
- దొరికితే తేమ మీటరు. ఊళ్లో ఒకరు కొని పదిమంది వాడుకోవచ్చు
- అన్నిటికన్నా ముఖ్యం, కనీసం ఆరు నెలల సమయం

ఆ చివరిది లేనివాళ్లు నేరుగా 5వ మెట్టు చివర ఇచ్చిన ప్రత్యామ్నాయాలు చూడండి.

1. ఎంత కర్ర కావాలో మీరే లెక్క కట్టుకోండి

మేస్త్రి చెప్పిన లెక్క, వడ్రంగి చెప్పిన లెక్క ఎప్పుడూ కలవవు. మీకంటూ ఒక లెక్క ఉంటే ఇద్దరితోనూ మాట్లాడొచ్చు. కోసిన కర్ర ఘనపుటడుగుల్లో, అంటే సీఎఫ్‌టీలో అమ్ముతారు. వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో పెట్టి మూడూ గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ వస్తుంది.

ఉదాహరణకు 7 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు ఉన్న సింహద్వారం, 5×3 అంగుళాల కర్ర అనుకుందాం. నిలువు కాళ్లు రెండు కలిపి 14 అడుగులు, పై కమ్మీ, గడప కలిపి 8 అడుగులు. మొత్తం 22 అడుగులు. 22×5×3÷144 అంటే సుమారు 2.3 సీఎఫ్‌టీ. లోపలి గదులకు గడప లేకుండా 4×2.5 కర్ర పెడితే ఒక్కో దర్వాజకు 1.2 చాలు. నాలుగడుగుల చదరం కిటికీకి, మధ్యలో ఒక నిలువు కలుపుకొని, దాదాపు 1.4. వచ్చిన మొత్తానికి తరుగు కింద పది, పదిహేను శాతం కలపండి. నాలుగు కిటికీలు, నాలుగు లోపలి దర్వాజలు, ఒక సింహద్వారం ఉన్న మామూలు ఇంటికి ఫ్రేముల వరకు 14, 15 సీఎఫ్‌టీలో పని అయిపోతుంది. పాతిక కావాలని ఎవరైనా అంటే ఎందుకో అడగండి.

మొద్దు కొంటే లెక్క వేరు. మధ్యలో చుట్టుకొలత అంగుళాల్లో కొలిచి, నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 144తో భాగిస్తారు. 36 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవు ఉన్న మొద్దు 4.5 సీఎఫ్‌టీ అవుతుంది. ఈ పాత లెక్క మొద్దు అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే పట్టుకుంటుంది, మిగిలింది కోతలో పోయే తరుగుకని వదిలేసినట్టు. అయినా సంబరపడకండి. బెరడు, దాని కిందుండే లేత తెల్ల భాగం, రంపపు పొట్టు పోయాక చేతికొచ్చేది ఆ 4.5లోనూ బాగా తగ్గుతుంది. డిపో కాగితంలో ఘనపు మీటర్లు ఉంటే 35.3తో గుణించుకోండి.

2. ఎక్కడ కొనాలి

మనకు నాలుగు దారులున్నాయి.

అటవీ శాఖ డిపో వేలం ఒకటి. మొద్దుల లాట్లుగా వస్తుంది, ఒక్క ఇంటికి సరిపడా తీసుకోవడం కష్టం. ఇద్దరు ముగ్గురు కలిసి కొంటే బాగుంటుంది. మొద్దు చివర సుత్తితో కొట్టిన గుర్తు ఉంటుంది, కాగితంతో దాన్ని సరిచూసుకోండి.

ప్రైవేటు టింబర్ డిపో లేదా కోత మిల్లు రెండోది. ఎక్కువమంది కొనేది ఇక్కడే, ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. అయోధ్య రామమందిరం తలుపులకు 2023లో బల్లార్షా డిపో నుంచి టేకు వెళ్లినప్పటి నుంచి మన దగ్గర ప్రతి కలప అడితిలోనూ "ఆ మందిరానికి పోయిన మాలే ఇది" అన్న మాట వినపడుతోంది. మాల్ సంగతి ఎలా ఉన్నా, రేటు మాత్రం ఆ మాట చెప్పాక ఎక్కుతుంది.

మూడోది పాత ఇంటి కర్ర. నన్నడిగితే ఇదే మొదట వెతకాలి. అరవై, డెబ్భై ఏళ్ల కిందటి పెంకుటిళ్లు కూల్చేటప్పుడు దొరికే దూలాలు, దర్వాజలు పెద్ద చెట్లవి. చేవ, అంటే కాండం నడుమ ముదిరిన గట్టి కర్ర, నిండుగా ఉంటుంది, తరాల తరబడి ఆరి ఉంటుంది. ఒక్కటే ఇబ్బంది, మేకులు. కోతకు ముందు అయస్కాంతం పట్టుకుని అంగుళం అంగుళం వెతికి మేకులు పీకించండి. రంపం పళ్లు విరిగితే మిల్లువాడు ఆ ఖర్చు మీ మీదే వేస్తాడు.

నాలుగోది మీ సొంత చేనులో చెట్టు. మన చెట్టే కదా అని గొడ్డలి ఎత్తకండి. మహారాష్ట్రలో పట్టా భూమిలోని టేకు కొట్టాలన్నా 1964 నాటి చట్టం ప్రకారం ముందు అనుమతి కావాలి. ఇంకో సంగతి, పదిహేను ఇరవై ఏళ్ల చెట్టులో తెల్ల భాగం ఎక్కువ, చేవ తక్కువ. కిటికీ చట్రాలకు పనికొస్తుంది కానీ సింహద్వారానికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ముసలి టేకు ఎలా ఉంటుందో చూడాలంటే ఆలాపల్లి దగ్గర 'గ్లోరీ ఆఫ్ ఆలాపల్లి' అని అడవి ముక్కను అలాగే కాపాడి ఉంచారు, ఒకసారి వెళ్లి ఆ కాండాల పక్కన నిలబడి రండి. తర్వాత చేను గట్టు మీది చెట్టును చూస్తే మీకే అర్థమవుతుంది.

కాగితం సంగతి. బిల్లు, ట్రాన్సిట్ పాస్ (కలప తరలించడానికి ఇచ్చే అనుమతి కాగితం) లేకుండా ఒక్క ముక్క కూడా బండెక్కించకండి. ముఖ్యంగా గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు తీసుకెళ్లేవాళ్లు రెండు రాష్ట్రాల చెక్‌పోస్టులకు జవాబు చెప్పాలి. ప్రైవేటు భూముల కలప కోసం 2023 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ఒకే ఆన్‌లైన్ పాస్ విధానం మొదలుపెట్టింది. మీ కర్రకు ఏది వర్తిస్తుందో అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ముందే అడగండి. సగం ధరకు రాత్రిపూట ఇంటికి తెచ్చి దింపుతామనేవాళ్లుంటారు. ఆ సగం ధర తర్వాత లాయరుకు వెళ్తుంది.

3. టేకేనా? చేతిలో పట్టుకుని చూడండి

రంగు చూసి కొనకండి. రంగు పూయొచ్చు. పైగా అప్పుడే కోసిన టేకు కొంచెం పచ్చ ఛాయతో, చారలతో, మచ్చలతో చిరాకుగా కనిపిస్తుంది. వెలుతురు తగిలిన కొన్ని రోజులకు అదే బంగారు గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకే కోసిన రోజు ఉన్న మచ్చలు చూసి నచ్చలేదని వదిలేసి, రంగు పూసిన ముక్క కొన్నవాళ్లను నేను చూశాను.

*చివర గీకడం.* ముక్క చివర, అంటే అడ్డకోత వైపు, బ్లేడుతో అంగుళం మేర నున్నగా గీకండి. కాస్త తడి చేసి భూతద్దంతో చూడండి. ఏటేటా ఏర్పడ్డ వలయాలు స్పష్టంగా కనిపించాలి, ప్రతి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు ఒక గీతలా వరుసగా ఉండాలి, ఆ తర్వాత రంధ్రాలు చిన్నవైపోవాలి. రంధ్రాలు ఎక్కడ పడితే అక్కడ చల్లినట్టు ఉంటే అది వేరే కర్ర కావచ్చు.

*వాసన.* పాత పైపొర మీద వాసన రాదు. కొత్తగా గీకిన చోట ముక్కు పెట్టండి. కొత్త తోలు చెప్పు లాంటి వాసన, కొంచెం నూనె వాసన కలిసి. ఒకసారి పట్టుకుంటే జీవితంలో మరిచిపోరు.

*వేలు.* చిత్రిక పట్టిన చేవ మీద బొటనవేలు రుద్దితే పలచగా మైనం రాసినట్టు జిడ్డు తగులుతుంది. చెదలు దీన్ని పెద్దగా ముట్టకపోవడానికి కారణం కర్రలో సహజంగా ఉండే ఇలాంటి పదార్థాలే. వాటిలో టెక్టోక్వినోన్ అనేదానికి టేకు పేరే వచ్చింది.

*తూకం.* దీనికి మించిన పరీక్ష లేదు, ఎవరూ చేయరు. 5×3 అంగుళాల ముక్క సరిగ్గా ఒక అడుగు పొడవు తీసుకోండి. బాగా ఆరిన టేకైతే 1.9 కిలోల చుట్టుపక్కల తూగుతుంది, 1.7 నుంచి 2.1 దాకా ఒప్పుకోవచ్చు. రెండున్నర తూగితే రెండే కారణాలు: అది పచ్చిదైనా అయి ఉండాలి, నల్లమద్ది లాంటి బరువు కర్రయినా అయి ఉండాలి. రెండిట్లో ఏదైనా మీరు టేకు రేటు ఇవ్వనక్కర్లేదు.

*ఏగిసతో పొరపాటు.* మన అడవిలో టేకు పక్కనే ఏగిస కూడా ఉంటుంది, మరాఠీవాళ్లు బీజా అంటారు. పాలిష్ చేశాక రెండూ పోలుతాయి. గుప్పెడు పొట్టును గాజు గ్లాసు నీళ్లలో వేసి గంటసేపు ఎండలో పెట్టండి. నీళ్లు పసుపుగా మారి, పక్క నుంచి చూస్తే నీలం మెరుపు కనిపిస్తే ఏగిస. షుగరువాళ్ల కోసమని గ్లాసులు చేసి అమ్ముతారే, ఆ కర్రే ఇది. ఏగిస చెడ్డదని అనడం లేదు, దర్వాజకు దివ్యంగా పనికొస్తుంది. దాని ధరకు దాన్ని కొనుక్కోండి.

'ఆఫ్రికన్ టేకు' పేరుతో అమ్మేది చాలాసార్లు ఇరోకో అనే వేరే చెట్టు. 'ఘానా టేకు' అంటే మాత్రం నిజంగా టేకే, కాకపోతే అక్కడి తోటల్లో పెంచిన లేత చెట్టు. దానికి కింది మెట్టులోని తెల్ల భాగం పరీక్ష గట్టిగా పెట్టాలి.

చిన్నప్పుడు లేత టేకాకు అరచేతిలో నలిపి ఎర్రగా పండిందని గోరింటాకులా చూపించుకునేవాళ్లం గుర్తుందా? అలాంటి పరీక్ష కర్రకు లేదు. నీళ్లు పోసి చూడు, నిప్పు పెట్టి చూడు అని అడితిలో చేసే గారడీలను పట్టించుకోవద్దు.

4. చేవ ఎంత, తెల్ల ఎంత

అసలు టేకులోనే పనికిరాని భాగం ఉంటుంది. బెరడు కిందుండే లేత పసుపు, తెలుపు పొరకు చేవకున్న బలం ఉండదు. పిండి పురుగు తొలిచేది అక్కడే, చెదలు ఎక్కేదీ అక్కడే. 'ఒరిజినల్ సాగ్వాన్, చెదలు పట్టవు' అన్న మాట చేవకు మాత్రమే వర్తిస్తుంది.

ప్రతి ముక్కనూ నాలుగు వైపులా తిప్పి చూడండి. రెండు వైపులు చూపించి మిగతా రెండూ కింద పెట్టడం అడితిలో మామూలే. నా కొలత ఇది: గడపకు, కాళ్ల కింది రెండడుగులకు తెల్ల ఒక్క గీత కూడా ఉండకూడదు. మిగతా ఫ్రేములో గోడ వైపు పోయే మూలలో అరంగుళం దాకా సర్దుకోవచ్చు. ఆ తెల్ల భాగానికి మందు పట్టించాలి. 5 లీటర్ల వేడినీళ్లలో 150 గ్రాముల బోరాక్స్, 100 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి బ్రష్షుతో మూడు సార్లు, ఆరనిస్తూ పూయండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, పిల్లలకు అందకుండా పెట్టండి. ఇది వానకు కడుక్కుపోయే మందు కాబట్టి పైన పెయింటు, పాలిష్ తప్పనిసరి. రంధ్రాల కింద సన్నటి పిండి రాలుతున్న ముక్కను మందు వేసి బాగుచేద్దామని తీసుకోకండి, వదిలేయండి.

అమావాస్యకు కొట్టిన కర్రకు పురుగు పట్టదని మా మామ గట్టిగా నమ్మేవాడు. ఆయన చేసిన దర్వాజలకు నిజంగానే పురుగు పట్టలేదు. కాకపోతే ఆయన తెల్ల భాగం గోరంత కూడా ఉంచేవాడు కాదు.

ముడుల విషయంలో మరీ చాదస్తం వద్దు. గట్టిగా అతుక్కున్న చిన్న ముడి అందమే. తట్టితే టకటకలాడే నల్ల ముడి, జాయింటు వచ్చే చోట ముడి మాత్రం వద్దు.

5. ఆరబెట్టడం

అసలు పని ఇదే. పచ్చి టేకు ఆరేటప్పుడు పొడవులో దాదాపు కుంచించుకోదు. అడ్డంగా మాత్రం పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి 5 శాతం, వలయాలకు అడ్డంగా రెండున్నర శాతం తగ్గుతుంది. మన ఇళ్లలో ఆరే మేరకు అందులో సగం అనుకున్నా, 12 అంగుళాల వెడల్పు పలక 7, 8 మిల్లీమీటర్లు తగ్గొచ్చు. మా తలుపులో లైటు కనిపించింది ఈ సందులోంచే. ఇంతకన్నా ఎక్కువ కుంచించుకునే కర్రలే లోకంలో ఎక్కువ. అందుకే టేకుకు ఇంత పేరు. పేరున్నంత మాత్రాన పచ్చిది వాడొచ్చని కాదు.

మన ఎండలకు మంచి పద్ధతి ఇదిగో.

ఎ. వానలు వెనకపట్టాక, నవంబరు డిసెంబరులో కోయించండి. కావలసిన సైజుకన్నా వెడల్పులో, మందంలో పావేసి అంగుళం ఎక్కువ ఉంచండి. సరిగ్గా 5×3 కోయిస్తే ఆరి, చిత్రిక పట్టేసరికి 4.75×2.75 మిగులుతుంది.

బి. కోసిన రోజే ముక్కల రెండు చివరలకూ పాత ఆయిల్ పెయింట్ మందంగా పూయండి. చివరల నుంచి నీరు తొందరగా పోతుంది, అక్కడే బీటలు పడతాయి. పేడ, మట్టి కలిపి పూసే పాత అలవాటు కూడా ఇందుకే, ఏమీ లేకపోతే అదైనా చేయండి.

సి. నీడలో, గాలి ఆడే చోట, నేల నుంచి అడుగు ఎత్తున ఇటుకల మీద పేర్చండి. వరుసకూ వరుసకూ మధ్య రెండేసి అడుగులకు ఒక బద్ద. పై బద్ద సరిగ్గా కింది బద్ద మీదే నిలువు గీతలో రావాలి. బద్దలు అటూ ఇటూ అయితే కర్ర పాములా వంకర పోతుంది. పైన బరువుగా రాళ్లో ఇటుకలో పెట్టండి.

డి. రేకు కప్పండి, పక్కలు మూయకండి. టార్పాలిన్‌తో చుట్టేసి జాగ్రత్త చేశామనుకుంటారు, లోపల బూజు పడుతుంది.

ఇ. ఎండలో పెట్టకండి. సిరొంచలో మే నెల ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. తొందరగా ఆరుతుందని డాబా మీద పరిచిన కర్ర వారంలో నెర్రెలు విచ్చింది, ఆ ఇంటాయన డిపోవాడిని తిట్టాడు.

అంగుళం పలకలకు ఎండాకాలం రెండు మూడు నెలలు చాలు. మూడంగుళాల ఫ్రేము కర్రకు నవంబరు నుంచి మే దాకా పూర్తిగా కావాలి. జూలై నుంచి సెప్టెంబరు మధ్య గడిచిన రోజుల్ని లెక్కలో వేయకండి, వానాకాలంలో కర్ర ఆరదు.

సమయం లేనివాళ్లకు: పాత ఇంటి కర్ర వెతకండి. లేదా యంత్రంలో ఆరబెట్టిన కర్ర అడగండి, పెద్ద ఊళ్లలో దొరుకుతుంది, రేటు ఎక్కువ. రెండూ కుదరకపోతే, ముహూర్తానికి గడప ముక్క ఒక్కటి ఆరినది సంపాదించి దాని పూజ చేసుకోండి. గోడలో దర్వాజకు ఖాళీ వదిలి కట్టమనండి, ఫ్రేము తర్వాత బిగించొచ్చు. అయ్యగారు ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది మేస్త్రి, గోడతోపాటే దర్వాజ నిలబెట్టడం అతనికి సులువు.

6. ఆరిందని ఎలా తెలుస్తుంది

తేమ మీటరు ఉంటే ముక్క చివర గుచ్చకండి, చివర ఎప్పుడూ ముందే ఆరుతుంది. మధ్యలో మూడు చోట్ల చూడండి. 10 నుంచి 14 శాతం మధ్య వస్తే పని మొదలుపెట్టొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, చిన్న మీటరు పైపొర సంగతే చెబుతుంది. మూడంగుళాల కర్రయితే ఒక వృథా ముక్కను మధ్యకు కోసి, ఆ కొత్త కోత మీద పెట్టండి.

మీటరు లేకపోతే కాటా ఉంది. వరుసలోంచి రెండు ముక్కలకు నంబరు వేసి, పదిహేను రోజులకోసారి తూచి, తారీఖుతో ఆ ముక్క మీదే మార్కరుతో రాయండి. మొదట్లో బరువు గబగబా పడిపోతుంది. వరుసగా మూడు తూకాలు ఒకేలా వచ్చాయంటే మీ ఊరి గాలికి కర్ర సర్దుకున్నట్టే.

ఇంకా కచ్చితంగా కావాలంటే మధ్య భాగంలోంచి అగ్గిపెట్టెంత ముక్క కోసి తూచండి, ఇంట్లో కేకులు చేసే ఓవెన్ ఉంటే 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. తగ్గిన బరువును ఎండు బరువుతో భాగించి వందతో గుణిస్తే తేమ శాతం. ఇంత చిన్న ముక్కకు గ్రాములు చూపే నగల కాటా కావాలి. మాడిపోతే లెక్క తప్పుతుంది, దగ్గరుండి చూసుకోండి.

7. పని చేయించేటప్పుడు

వడ్రంగికి ఎలా చేయాలో నేర్పబోకండి, కొన్ని మాత్రం అడిగి చేయించుకోండి.

టేకులో సన్నటి ఇసుకలాంటి సిలికా ఉంటుంది, ఉలి, చిత్రిక తొందరగా మొద్దుబారతాయి. వడ్రంగి గంటకోసారి నూరుకుంటుంటే కాలక్షేపం చేస్తున్నాడనుకోవద్దు. పొట్టు కొందరికి దద్దుర్లు, దగ్గు తెప్పిస్తుంది. మాస్కు కొనివ్వండి, ఇంటి లోపల మిషను పెట్టనివ్వకండి.

బంక పట్టలేదని టేకు మీద చాలామంది ఫిర్యాదు. తప్పు బంకది కాదు, కర్ర జిడ్డుది. చిత్రిక పట్టిన రోజే అతికించాలి. అతికించే ముందు థిన్నర్‌లో ముంచిన గుడ్డతో ఆ చోటు తుడిచి, ఆరిన వెంటనే బంక పెట్టాలి. నిన్న చిత్రిక పట్టి పెట్టుకున్న ముక్కలు ఇవాళ అతికిస్తుంటే మళ్లీ ఒక పట్టు పట్టమనండి.

తలుపుకు వెడల్పు పలక ఒక్కటే పెట్టమని పట్టుబట్టకండి. చట్రంలో గాడి తీసి పలకను బంక లేకుండా కూర్చోబెడితే, అది లోపలే పెరుగుతుంది, తగ్గుతుంది, పగలదు.

ఫ్రేము బిగించాక కర్ణాలు కొలవండి. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు. రెండూ సమానం రావాలి. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే అక్కడే సరిచేయించండి. గోడలోకి వెళ్లాక ఏమీ చేయలేరు.

8. నిలబెట్టడం

గోడకు ఆనే మూడు వైపులా నిలబెట్టే ముందే తారు పెయింటు రెండు కోట్లు. తడి సిమెంటు నుంచి కర్ర నీరు పీల్చకుండా ఇది ఆపుతుంది. ఒక్కో కాలికి మూడు ఇనుప పట్టీలు. కనిపించే వైపు ప్లాస్టిక్ కాగితం చుట్టేయండి, సిమెంటు చుక్కలు పడితే టేకు మీద మచ్చ దిగుతుంది. నిలువు రెండు దిక్కులా గుండు వేలాడదీసి చూడండి. రెండు కాళ్ల మధ్య దూరం పైన, మధ్యన, కింద మూడు చోట్లా ఒకటే ఉండాలి. గోడ కట్టేటప్పుడు నడుమ అడ్డకర్ర బిగించకపోతే కాళ్లు లోపలికి వంగుతాయి.

గడపను రోజూ కడుగుతాం, పసుపు రాస్తాం. ఇంట్లో ఎక్కువ తడిసే కర్ర అదే. దాని కింద నీరు నిలవకుండా బయటికి వాలు ఇప్పించండి. గడప ఒక్కటి ఏగిసతో చేయించుకున్నా బాగానే ఉంటుంది. నల్లమద్ది వాడేవాళ్లున్నారు, గట్టిదే కానీ పగుళ్లు ఎక్కువ.

తలుపుకు సందు ఎంత ఉంచాలన్నది నెలను బట్టి మారుతుంది. మేలో బిగిస్తే గొళ్లెం వైపు 3, 4 మిల్లీమీటర్లు వదలండి, వానల్లో ఉబ్బుతుంది. ఆగస్టులో బిగిస్తే 2 చాలు, వేసవికి అదే పెరుగుతుంది. మేలో బిగుతుగా కూర్చోబెట్టి, జూలైలో పట్టుకుందని చిత్రిక పట్టి, మళ్లీ వేసవిలో గాలి వస్తోందని రబ్బరు అంటించే ఇళ్లు మన వీధిలోనే లెక్కపెట్టొచ్చు.

9. పాలిష్

120, 180, 220 నంబరు పేపర్లతో వరుసగా, కర్ర నార వెంబడే రుద్దాలి. పాలిష్‌కు ముందు మళ్లీ థిన్నర్ గుడ్డ. ఇది మానేస్తే కొన్ని పాలిష్‌లు రోజుల తరబడి జిగటగా ఉండిపోతాయి. పెద్ద తలుపు మీద వేసేముందు వృథా ముక్క మీద ఒక కోటు వేసి రాత్రంతా వదలండి. పొద్దున్న గోరు గుచ్చుకుంటే ఆ డబ్బా మీ తలుపుకు వద్దు.

లోపలి తలుపులకు అవిసె నూనె చాలు, ఏడాదికోసారి మనమే రాసుకోవచ్చు. ఎండా వానా తగిలే సింహద్వారానికి బయట వాడే రకం పీయూ (పాలీయురేథేన్) పాలిష్ వేయించండి, లేకపోతే రెండేళ్లలో బూడిద రంగుకు తిరుగుతుంది. బలం ఏమీ తగ్గదు, అందమే తగ్గుతుంది.

హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి.

పెయింటరుకు డబ్బు చివరి వాయిదా ఇచ్చే ముందు ఒక పని చేయండి. చిన్న అద్దం ముక్క తీసుకుని తలుపు కింద పెట్టి చూడండి. తర్వాత స్టూలెక్కి పై అంచు మీద చేయి రాయండి. పది ఇళ్లలో తొమ్మిదింటికి ఈ రెండు అంచులూ పాలిష్ లేకుండా గరుకుగా, తెల్లబోయి కనిపిస్తాయి. వానాకాలంలో తలుపు నీరు తాగేది అక్కడి నుంచే. అలా కనిపిస్తే తలుపు దింపించి, రెండు అంచులకూ మూడేసి కోట్లు వేయించి, ఆరాక మళ్లీ ఎక్కించమనండి. మా ఇంట్లో రెండోసారి చేయించిన తలుపుకు కూడా కింది అంచు అలాగే వదిలేశారు.